కథాక్రీడయు మేము కల్పించిన వింతప్రాణులును

మనుష్యుడు కథ వినుటకు ఎంత ఇష్టపడునో, కథలో తాను ప్రవేశించుటకు అంతకంటె ఎక్కువగా ఇష్టపడును. బొమ్మరిల్లు కట్టి, గుజ్జనగూళ్లు వండి, "నీవు అత్తవు, నేను కోడలిని" అని ఆడుకొను చిన్నపిల్లలకు ఈ విద్యను ఎవరును నేర్పలేదు. పెద్దవారమైన పిమ్మట మనము దీనిని మఱచి, కథలను పుస్తకములకును తెఱమీది బొమ్మలకును అప్పగించి ఊరకుందుము. మా పాఠశాల వసతిగృహమున రెండు సంవత్సరములుగా శనివారపు సాయంకాలములయందు కొందఱు విద్యార్థులతో కలిసి నేను ఈ మఱచిన విద్యనే మఱల అభ్యసించుచున్నాను. దీనికి మేము 'కథాక్రీడ' అని పేరు పెట్టుకొంటిమి. ఈ క్రీడనుగూర్చి కొందఱు తల్లిదండ్రులు నన్ను ప్రశ్నించిరి. సహోపాధ్యాయులు కొందఱు నవ్విరి. "ఆ గదిలో శనివారమునాడు దయ్యములను తయారు చేయుచున్నారట గదా!" అని ఒకరు హాస్యమాడిరి. ఆ మాట నిజమే. దయ్యములను తయారు చేయుటయందు గల మంచిచెడ్డలను వివరించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ క్రీడ మన దేశమున పుట్టినది కాదు. 1824వ సంవత్సరమున ప్రష్యా దేశపు సైనికాధికారియగు రైస్విట్జ్ అనునతడు సేనానాయకుల శిక్షణకొఱకు ఒక యుద్ధక్రీడకు నిబంధనలు ప్రకటించెను. పటముపై పేర్చిన బిళ్లలే అందు సైన్యములు. పాచికలే యుద్ధమునందలి అదృష్టము. ఇరుపక్షములకు నడుమ తీర్పు చెప్పుటకు మధ్యవర్తి యొకడుండును. కాలక్రమమున ఇట్టి యాటలు వినోదార్థమై సామాన్యుల యిండ్లకును వచ్చినవి. 1974లో అమెరికా దేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేరుతో ఒక యాటను ప్రకటించిరి. అందలి మార్పు చిన్నదిగా కనబడును గాని ఫలితము గొప్పది. పూర్వము ఆటగానికి సైన్యమంతయు వశమై యుండెడిది. ఇందు ఒక్కొక్క యాటగానికి ఒక్క మనుష్యుడే. ఆ మనుష్యునికి పేరును, బలమును, బలహీనతయు కలవు. సైన్యమును నడపువాడు గెలుపునుగూర్చి యోచించును, ఒక్క మనుష్యుని నడపువాడు "ఇట్టి సమయమున ఇతడు ఏమి చేయును?" అని యోచింపక తప్పదు.

ఆడు విధానము సులభమైనది. ఒకరు సూత్రధారుడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. సూత్రధారుడు, "మీరు రేవునకు వచ్చితిరి. పడవ లేదు. అవతలి యొడ్డున దీపమొకటి కదలుచున్నది. ఏమి చేయుదురు?" అని అడుగును. ఆటగాండ్రు తమతమ పాత్రలకు తగినట్లు బదులు చెప్పుదురు. దానినిబట్టి కథ ముందునకు సాగును. నాటకమునకును దీనికిని భేద మేమనగా, ఇందు వ్రాసిపెట్టిన సంభాషణములు లేవు. కథాంతము సూత్రధారునికి కూడ తెలియదు. మన తోలుబొమ్మలాటలో రామాయణకథ నడుమ కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు వచ్చి ఆ యూరి సంగతులను అప్పటికప్పుడు కల్పించి పలుకుదురు గదా. ఈ క్రీడలో ఆద్యంతము అట్లే జరుగునని తలంపవలెను.

కార్యము సఫలమగునో కాదో సందేహమైనప్పుడు అదృష్టమును అడుగుదురు. పాశ్చాత్యులు ఇందుకై ఇరువది ముఖములు గల పాచికను వాడుదురు. రేఖాగణితమున సమరూపములైన ఘనాకృతులు అయిదే కలవు. వాని ముఖములు 4, 6, 8, 12, 20. ఈ యిరువది ముఖముల పాచిక వానిలో చివరిది. మాకు అట్టి పాచిక లేదు. కాన ఒక మట్టిముంతలో 1 మొదలు 20 వఱకు అంకెలు వ్రాసిన చీటీలు వేసి, ప్రమాదకరమైన పనులకు ఒక చీటీ తీయుదుము. సామాన్యమైన పనులకు, ఒకవైపు అరగదీసి తెల్లగా చేసిన నాలుగు చింతపిక్కలను వేయుదుము. చీటీలలో ప్రతి యంకెకును ఇరువదింట ఒక్క వంతు అవకాశము. చింతపిక్కలు రెండువైపులను సమానముగా పడునని యెంచినచో, నాలుగును తెలుపగుటకు పదునాఱింట ఒక్క వంతు, రెండు తెలుపగుటకు ఆఱు వంతులు. ఈ లెక్కను గణితపు పీరియడులో మూడు దినములు చెప్పినను గ్రహింపని బాలుడొకడు తన పాత్ర నీట మునుగు సమయమున క్షణములో గ్రహించెను.

ఇక పాత్రల మాట. మా వసతిగృహమునందలి పిల్లలలో పెక్కండ్రు గోదావరి లంక గ్రామములవారు. మొదటి శనివారమున ఏడుగురు వచ్చిరి. ఏడుగురును ఖడ్గధారులైన వీరులనే కల్పించిరి. వారిలో అయిదుగురు రాజకుమారులు. అందఱును సమస్తవిద్యలయందు ఆఱితేరినవారు. ఎవరికిని తల్లిలేదు, తండ్రిలేదు, ఆకలిలేదు. ఇట్టి వీరులకు కథ జరుగదు. సర్వము చేతనైనవానికి ఇతరుల సహాయము అక్కఱలేదు. సహాయము అక్కఱలేనిచోట కథకు చోటు లేదు. అందుచేత నేను మూడు ప్రశ్నలు నల్లబల్లపై వ్రాసితిని. ఇతనికి ఏమి చేతనగును? ఏమి చేతగాదు? ఎవరికి ఋణపడి యున్నాడు?

మఱుసటి వారమునకు రాజకుమారులు మాయమైరి. పడవవాని కూతురొకతె వచ్చెను. ఆమె చీకటిలో గడవేసి, నీటి చప్పుడునుబట్టి లోతు చెప్పగలదు. అక్షరము మాత్రము రాదు. తల్లి చనిపోయినప్పుడు తన్ను పెంచిన పొరుగింటి అవ్వకు ఋణపడి యున్నది. కొబ్బరికాయలు దింపువాడొకడు వచ్చెను. అతడు చెట్టుపైనుండి మూడూళ్ల అవతల పొగ చూచి చెప్పగలడు. కాని నీరనిన భయము. ఊరూర తిరుగు బుఱ్ఱకథకుడొకడు వచ్చెను. అతడు వేయిమందిని కూర్చుండబెట్టగలడు. కాని రహస్యము దాచలేడు. ఇట్లు ఒకరికి లేనిది మఱియొకరికి ఉండుటచే, ఎవరును చెప్పకయే వారు నలుగురును కలిసి నడువ నారంభించిరి.

ఆ నలుగురిలో నాలుగవవానిని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె కల్పించెను. అతడు 'గట్టు కొలుచువాడు.' ఏటియొడ్డునకు దూరముగా ఒక కఱ్ఱ పాతి, ప్రతి పున్నమినాడును ఆ కఱ్ఱనుండి ఒడ్డువఱకు అడుగులు లెక్కపెట్టి, లెక్క తప్పకుండ కఱ్ఱపై గాటు పెట్టుచుండును. ఇదియే అతనికి చేతనైన పని. చేతగానిది ఏమని అడిగితిని. "అతని మాట ఎవరిచేతను నమ్మించలేడండీ," అని ఆమె చెప్పెను. ఆమె తాతగారి కొబ్బరితోట గోదావరి కోతకు పోయినదని నాకు తెలియును. తోటి పిల్లలకును తెలియును. ఆ సాయంకాలము ఎవరును ఆమెను మఱియొక ప్రశ్న అడుగలేదు.

పాత్రలు సిద్ధమైన పిమ్మట వింతప్రాణుల వంతు వచ్చెను. చలనచిత్రములలో చూచిన రెక్కల సర్పములనే పిల్లలు మొదట కోరిరి. నేను వారికి రెండు సంగతులు చెప్పితిని.

మొదటిది జర్మనీ దేశపు గనులలోనిది. అచ్చటి గనివాండ్రు భూగర్భమున 'కోబోల్డ్' అను పొట్టి భూతములు గలవని నమ్మిరి. వెండివలె ఆశపెట్టు ఒక రాతిని అవి మోసముగా ఇచ్చునట. దానిని కరగించినచో వెండి రాదు. విషపుపొగ వచ్చి మనుష్యులు రోగగ్రస్తులగుదురు. ఆ రాతియందు పాషాణము కలిసియుండుటయే అందుకు కారణము. 1730వ దశకమున స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడగు బ్రాంట్ ఆ ఖనిజమునుండి ఒక క్రొత్త లోహమును గుర్తించెను. దానికి ఆ భూతము పేరే నిలిచినది, అదియే కోబాల్టు. భూతము అసత్యము, కాని దానిచే సూచింపబడిన అపాయము సత్యము. నేడు కథాక్రీడ గ్రంథములలో కోబోల్డు ఒక అల్పమైన శత్రువు. గనివాని దగ్గును, విషపుపొగయు అందులేవు.

రెండవది మన దేశముదే. 1977లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటకై భూతములను వర్ణించు గ్రంథమొకటి ముద్రింపబడెను. అందు మన 'రాక్షస' శబ్దమును స్వీకరించి, పులితల గల యొక మాయావిని చిత్రించిరి. అతనిని చంపు ఉపాయము కూడ వ్రాసిరి. రాక్షసుడనగా మనకు అంతేనా? విభీషణుడును రాక్షసుడే. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రమున ఎస్.వి. రంగారావుగారు ధరించిన ఘటోత్కచుని చూచి భయపడి ఏడ్చిన తెలుగుబిడ్డ యెవరు? ఆ వంటకములన్నియు ఆరగించుచుండగా నవ్వనివారెవరు? తన కథనుండి త్రెంచి తీసినప్పుడు ఏ ప్రాణియైనను కొట్టి చంపదగిన లక్ష్యముగా మాత్రమే మిగులును. మన నేలనుండి ఒక ప్రాణిని తీసికొన్నచో, దాని కథను కూడ తీసికొనవలెనని పిల్లలకు చెప్పితిని.

పిమ్మట మా ప్రాంతపు భయములను ఒక్కొక్కటిగా పలుకుమంటిని. కొఱవిదయ్యము మొదట వచ్చినది. రాత్రివేళ బురదనేలలపై కదలు వెలుగు అది. కుళ్లిన పదార్థములనుండి పుట్టు వాయువులే అందుకు కారణమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. అయినను "ఆ వెలుగు వెంట పోకుము" అను ముసలివారి మాట తప్పు కాదు. వెంటపోయినవాడు ఊబిలో దిగబడును. ఆ మీద సుడిగుండము, నాగుబాము, నడిరాత్రి పడవ జారిపోవుట, ఉప్పెన. చివరకు గట్టు కొలుచువానిని కల్పించిన బాలిక, "రాత్రి పండుకొన్నప్పుడు మట్టిపెళ్ల నీటిలో దబ్బున పడు చప్పుడు," అనెను. పిల్లలందఱును ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. ఆ చప్పుడు వినని బిడ్డ వారిలో లేడు.

మా 'ఒడ్డుమేత' ఆ చప్పుడునుండి పుట్టెను. దానిని కల్పించుటకు మూడు శనివారములు పట్టెను. ఎచ్చట నివసించును? ఏమి తినును? ఎవరు మొదట చూచిరి? దేనికి జంకును? అన్నిటికంటె ముఖ్యముగా, ఏల వచ్చినది? పిల్లలు వాదించి నిర్ణయించిన దేమనగా, అది ఉడుమువలె పొడవైనది, చర్మము తడియిసుక రంగు, కన్నులు లేవు, నోరు నీటి అడుగున నుండును. ఎన్నడును మనుష్యుని కఱవదు. ఒడ్డును తినును. దాని ఆకలికి ఒక లెక్క కలదు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీరు 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ఇత్తురు. ఈ అంకెలు లంక పిల్లలకు ఎక్కములకంటె బాగుగా వచ్చును. ఒడ్డుమేత ఆకలికిని అట్లే మూడు మెట్లు పెట్టిరి. మొదటి మెట్టున అది గడ్డి తినును; రెండవ మెట్టున చెట్లు; మూడవ మెట్టున ఇండ్లు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినది. మొదటి వరదను వారి తాతలు చూచిరి. రెండవదానిని వారే చూచిరి. అందుచేత ఈ ప్రాణికి రంగు వేయుటకు పుస్తకములు వెదకవలసిన పని లేకపోయెను.

ఇట్లుండగా ఒక శనివారమున పదవ తరగతి బాలుడొకడు తాను స్వయముగా కల్పించిన భూతమును తెచ్చెను. కాగితముపై చక్కగా బొమ్మ గీచియుండెను. అది ఒక చేతబడి ముసలిది. తెల్లని వెండ్రుకలు విరబోసికొన్నది. ఊరిచివర ఒంటరి గుడిసె. వాకిట ఒంటికన్ను నల్లకుక్క. చేతికఱ్ఱకు ఎఱ్ఱగుడ్డ. అందఱును ఉత్సాహముతో మూగిరి. ఇంతవఱకు మేము కల్పించినవానిలో ఇంత స్పష్టముగా కనబడినది లేదు. ఆ స్పష్టతయే నన్ను ఆలోచింపజేసెను. కల్పించిన బొమ్మలో ఎచ్చటనైనను తడుముకొన్న గీత యుండును. ఇందు ఒక్కటియు లేదు.

ఆట ముగిసినపిమ్మట వానిని ఒంటరిగా పిలిచి, "బాబూ, ఆ కుక్క పేరేమి?" అని అడిగితిని. వాడు తడబడక ఒక పేరు చెప్పి, అంతలో నాలుక కఱచుకొనెను.

"ఆమె మీ ఊరిలో ఉన్నదా?"

"ఉన్నదండీ. అందఱును అట్లే అందురండి. మా వీధిలో దూడ చచ్చినప్పుడు కూడ ఆమె చూపువలననే అన్నారు. ఆమెను కుళాయివద్దకు రానీయరు."

"నీవు ఎప్పుడైనను మాటాడితివా?"

"లేదు మాస్టారండీ."

నేను ఆ బొమ్మను చింపలేదు, వానిని గద్దింపలేదు. మఱుసటి శనివారము చీటీల ముంతను ప్రక్కన పెట్టి, పిల్లలందఱికిని ఒక చరిత్ర చెప్పితిని. 1692వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు ప్రాంతమున సేలము అను ఊరిలో తొమ్మిదేండ్లది యొకతెయు, పదునొకండేండ్లది యొకతెయు వింతవ్యాధికి లోనై, తమ్ము కొందఱు మంత్రగత్తెలు బాధించుచున్నారనిరి. మొదట వారు పేర్కొన్నవారు దాసియొకతె, బిచ్చమెత్తుకొను బీదరాలొకతె, రోగముతో మంచముపట్టిన స్త్రీయొకతె. పెద్దలు ఆ మాట నమ్మిరి. న్యాయస్థానము నమ్మెను. ఆ సంవత్సరము ముగియులోపల పందొమ్మండుగురిని ఉరితీసిరి. అయిదేండ్లకు, 1697లో, ఆ ప్రాంతమువారు ఉపవాసదినము నియమించి పశ్చాత్తాపపడిరి. ఉరి తీయబడినవారు మాత్రము తిరిగి రాలేదు. ఆ ఊరు భక్తిపరుల ఊరే. దినమును ప్రార్థన చేయువారి ఊరే.

ఇది దూరదేశపు పాతకథ యనుకొనరాదు. బాణామతి, చేతబడి అను పేర్లు పెట్టి మన తెలుగునాట ఒంటరి స్త్రీలను, వృద్ధులను కట్టివేసి కొట్టిన వార్తలు, పండ్లు ఊడగొట్టిన వార్తలు, చంపిన వార్తలు మన కాలపు పత్రికలలోనే వచ్చినవి. ఇట్టి ఘోరములను అడ్డగించుటకు బీహారు రాష్ట్రము 1999లోను, ఒడిశా 2013లోను ప్రత్యేక శాసనములు చేయవలసివచ్చెను. ఈ సంగతులు చెప్పి పిల్లలను ఒక ప్రశ్న అడిగితిని: "కోబోల్డును కల్పించిన గనివాడును, చేతబడి ముసలిదానిని కల్పించిన ఊరివాడును, ఇరువురును భయపడినవారే గదా, వీరికి భేద మేమి?"

చాలసేపు ఎవరును పలుకలేదు. పిమ్మట కొబ్బరికాయలు దింపువాని పాత్ర ధరించు బాలుడు, "కోబోల్డును కొట్టినచో ఎవరికిని దెబ్బ తగులదండీ," అని చెప్పెను.

నాకు కావలసిన సమాధానము అదియే. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో కథాబోధననుగూర్చి నేను చదివిన పాఠములలో ఇంత చక్కని వాక్యము నాకు కనబడలేదు. భయమునకు రూపమిచ్చుట తప్పు కాదు. రూపమిచ్చిన భయమును చూచి మాటాడవచ్చును, నవ్వవచ్చును, ఎదుర్కొనవచ్చును. కాని ఆ భయమునకు పొరుగువారి ముఖము తగిలించినప్పుడు అది కల్పన కాదు, నింద. నింద వేయు దెబ్బ నిజమైన వీపున పడును. ఆనాటినుండి మా క్రీడకు ఒక నిబంధన యేర్పడినది: మా భూతములకు ఎవరి ఇల్లును, ఎవరి కులమును, ఎవరి వైకల్యమును, ఎవరి ముసలితనమును ఉండరాదు. కుంటివాడు, గ్రుడ్డివాడు, నల్లనివాడు దుష్టుడని చెప్పు పాతకథలు పెక్కు కలవు. వానిని చదువుదుము గాని, మా ముంతలో వేయము.

ఆ బాలుడు తన బొమ్మను తీసికొనిపోయెను. సంక్రాంతి సెలవుల తరువాత వచ్చి, అడుగకయే నాకు చెప్పెను: "ఆమెతో మాటాడితినండీ. ఎనుబదియాఱు వరదలో రెండు రాత్రులు పాకమీద కూర్చున్నదటండి, మేకపిల్లను ఒడిలో పెట్టుకొని. నాకు తేగలు పెట్టినది." వాడు అంతకంటె ఏమియు చెప్పలేదు, నేనును అడుగలేదు. కాని వాని పాత్ర మాఱెను. ఇప్పుడు మా కథలో ఊరిచివర ఒక వృద్ధురాలు కలదు. పూర్వపు వరదలన్నియు జ్ఞప్తియందుంచుకొన్నది ఆమె యొక్కతెయే. ఒడ్డుమేత జాడ తెలియవలెననిన పాత్రలన్నియు ఆమె గుడిసెకే పోవలెను. ఆమె పాత్రను ఆ బాలుడే ధరించును.

కథ యెట్లు ముగిసెనని పాఠకులు అడుగవచ్చును. గట్టు కొలుచువాడు ఏ పున్నమికి ఏమి జరుగునో గాటులు చూపి చెప్పెను, ఊరివారు నమ్మలేదు. బుఱ్ఱకథకుడు ఆ గాటుల లెక్కనే కథగా కట్టి రచ్చబండవద్ద చెప్పెను, అప్పుడు నమ్మిరి. వరదరాత్రి పడవవాని కూతురు మూడు మాఱులు మనుష్యులను దాటించెను. నాలుగవ మాఱు విత్తనపు గింజలతో బయలుదేరి ముంతలో చేయి పెట్టగా, మూడవ యంకె వచ్చెను. పడవ మునిగెను, ఆమె బ్రదికెను, గింజలు పోయినవి. ఆ రాత్రి ఆటలో పిల్లలు నిజముగానే మౌనము వహించిరి. తరువాత కొబ్బరికాయలు దింపువాడు చెట్టెక్కి చూచి, ఏటి నడుమ పెద్ద గోతులున్నవని చెప్పెను. రాజుగారి క్రొత్తకోటకై ఊరివారే యిసుక త్రవ్వి బండ్లకెత్తిరి. ఒడ్డుమేత పూర్వము ఏటి అడుగున మేయునది. అచ్చట మేత లేకపోగా ఒడ్డునకు వచ్చినది. ఈ కారణమును నేను చెప్పలేదు, పిల్లలే చెప్పిరి. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటయు, ఇసుక త్రవ్వకములును నదీతీరములను బలహీనపఱచునని వారు భూగోళశాస్త్రమున చదివినదే. కాని ఆ చదువు పుస్తకమునుండి లేచి యేటివఱకు వచ్చుట అదే మొదటిమాఱు.

వారు ఒడ్డుమేతను చంపలేదు. ఇసుకబండ్లను ఆపించుటకు రాజుగారివద్దకు పోయిరి. గట్టున వట్టివేరును రెల్లును నాటిరి. దాని ఆకలి మూడవ మెట్టునుండి మొదటి మెట్టునకు దిగెను. "చంపలేదు గదా, మనము గెలిచినట్లా?" అని ఒక చిన్నవాడు అడిగెను. గట్టు కొలుచువానిని కల్పించిన బాలిక, "ఈ ఏడు గట్టు నిలిచినది కదా," అని మాత్రము చెప్పెను. ఆమె వేసవి సెలవులలో తమ యింటివెనుక నిజముగానే ఒక కఱ్ఱ పాతినదట. పున్నమి పున్నమికి అడుగులు కొలిచి, ఆ లెక్కను మా భూగోళశాస్త్రోపాధ్యాయునికి చూపుచున్నది.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తును. "మాస్టారూ, క్రైస్తవ పాఠశాలలో ఈ దయ్యముల యాట యేల?" అని ఒక తండ్రి మర్యాదగానే అడిగెను. ఈ భయము ఆయనకు మాత్రమే కలిగినది కాదు. 1980వ దశకమున అమెరికాలో పెక్కుమంది తల్లిదండ్రులు ఈ యాట పిల్లలను దుష్టశక్తులవైపు నడిపించునని భయపడి సంఘములు పెట్టి ప్రచారము చేసిరి. ఆట పాతబడుటతో భయము పలుచబడెను. నేను ఆ తండ్రికి చెప్పిన దిది: "అయ్యా, మేము ఎవరిని పిలుచుట లేదు, ఎవరికిని మ్రొక్కుట లేదు. కల్పించినదానిని కల్పించినదని చెప్పియే ఆడుచున్నాము. కల్పనను నిజమని నమ్మినచోటనే కీడు పుట్టును. నాతాను దావీదునకు ఒక్క గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు, రాజు ఆ కథలో ప్రవేశించి తీర్పు చెప్పెను. ఆ మీదట గాని తనను తాను చూచుకొనలేదు. పిల్లలును అట్లే చూచుకొందురేమో యని నా యాశ." ఆయన ఒక శనివారము వచ్చి వెనుకబల్లపై కూర్చుండెను. ఆట నడుమ, "ఆ గట్టువద్ద రెల్లుకంటె తుంగ మేలు," అని సలహా యిచ్చెను. పిల్లలు ఆ సలహాను వ్రాసికొనిరి.

బాలబాలికలారా, మీలో ఈ క్రీడను తమ యిండ్లయందు ఆడదలచువా రుండవచ్చును. వెలగల పాచికలు అక్కఱలేదు. ముంతయు చింతపిక్కలును చాలును. పాత్రను కల్పించునప్పుడు వానికి చేతగానిదానిని మొదట నిర్ణయింపుడు; మిత్రులు ఆ ద్వారముననే వత్తురు. వింతప్రాణిని కల్పించునప్పుడు మీ ఊరు దేనికి భయపడుచున్నదో పెద్దలను అడుగుడు. ఆ భయమునకు నిజమైన కారణ మేమో వెదకుడు. అది ఎట్లు చచ్చునని అడుగుటకు ముందు, ఏల వచ్చినదని అడుగుడు. మఱియు బొమ్మ గీచి ముగించిన పిమ్మట ఒక్కమాఱు దానిని పరికించి చూడుడు. అందు మీకు తెలిసినవారి పోలిక యేదైనను కనబడినచో, ఆ కాగితము మడిచి జేబులో పెట్టుకొని, వారి యింటికి పోయి పలుకరించి రండు.